ఆమెను అతిథి అనొద్దు

తెలుగులో 'వలస' అనే మాట ఒక్కటే రెండు పనులు చేస్తుంది. తుపాకులతో ఓడలెక్కి వచ్చి నేలలు ఆక్రమించుకున్నవాడిదీ వలసే, మూట నెత్తిన పెట్టుకుని పొట్టకూటికి ఊరు విడిచిన మనిషిదీ వలసే. మొదటి అర్థాన్ని మనం విశ్వవిద్యాలయాల్లోకి తీసుకెళ్లాం. వలసవాదం, వలసానంతర సాహిత్యం, వలసానంతర స్త్రీవాదం అంటూ పత్రాలు సమర్పించాం, పట్టాలు పుచ్చుకున్నాం. నా డాక్టరేటూ ఆ బాపతుదే. రెండో అర్థం మాత్రం సెమినార్ హాలు గడప దాటి రాలేదు. ఎప్పుడైనా వస్తే రెండే వేషాల్లో వస్తుంది. అయితే కన్నీళ్లతో నిలబడ్డ బాధితురాలు, లేకపోతే సరిహద్దుల్ని చెరిపేస్తూ నడిచే విశ్వమానవి. మొదటామెను చూసి జాలిపడతాం. రెండో ఆమెను చూసి మురిసిపోతాం. ఇద్దరిలో ఎవరికీ ఒకటో తారీఖున ఇంటద్దె కట్టాల్సిన అవసరం ఉన్నట్టు కనబడదు.

ఈ రెండు చదువుల వెనకా ఒకే ఊహ ఉంది. నగరం ఎవరో ఒకరి ఇల్లు, వలస వచ్చిన మనిషి ఆ ఇంటికి అతిథి అన్న ఊహ. అతిథిని ఆదరించారా, గెంటేశారా అన్నదొక్కటే అప్పుడు మిగిలే ప్రశ్న. ఆఫ్రికా గురించి రాసేటప్పుడు దీనికి 'ఉబుంటు' అనే మాట కూడా తోడవుతుంది. ఆఫ్రికన్లు ఒకరినొకరు ఆదరించుకోవాలి గదా, అన్నదమ్ములు గదా, ఎందుకిలా కొట్టుకుంటున్నారు అని మనం ఇక్కడ కూర్చుని నిట్టూరుస్తాం. ఈ అతిథి మర్యాదల భాషను స్త్రీవాదులం ఇకనైనా వదిలిపెట్టాలన్నదే నా వాదన. జొహనెస్‌బర్గ్‌ను ముందు పెట్టుకుని ఈ మాట చెప్తాను. అక్కడ ఆతిథేయులెవరో వెతకడం మొదలుపెడితే తేలేది ఒక్కటే. కాగితం చేతిలో ఉన్నవాళ్లు ఆతిథేయులయ్యారు, లేనివాళ్లు అతిథులయ్యారు.

1886లో విట్‌వాటర్స్‌రాండ్ గుట్టల కింద బంగారం బయటపడింది. అంతకు ముందు ఆ నేల మీద మనుషులు లేరని కాదు. కానీ జొహనెస్‌బర్గ్ అనే నగరం మాత్రం అక్కడికి వచ్చిన వాళ్ల చెమటతో లేచింది. యూరప్ నుంచి వచ్చిన తెల్లవాళ్లు భూమి పైన బతికారు. మొజాంబిక్, మలావీ, లెసోతో, జింబాబ్వే అని ఈనాడు మనం పిలిచే చోట్ల నుంచీ, దక్షిణాఫ్రికాలోని పల్లెల నుంచీ వచ్చిన నల్లవాళ్లు భూమి కింద పని చేశారు. గని కంపెనీలు కూలీల కోసం 'వెనెలా' అనే నియామక సంస్థను పెట్టుకున్నాయి. ఒప్పందం మీద తీసుకురావడం, కాంపౌండ్లలో ఉంచడం, గడువు తీరాక తిరిగి పంపడం దాని పని. మొజాంబిక్ కూలీల జీతంలో కొంత భాగం ఇంటికి తిరిగి వెళ్లాకే చేతికొచ్చేది. మనిషి శ్రమ నగరంలో ఉండొచ్చు, మనిషి మాత్రం ఉండకూడదన్న సూత్రం అప్పుడే స్థిరపడింది.

ఆ కాంపౌండ్లలో ఆడవాళ్లకు చోటు లేదు. ఇది ఏదో మరిచిపోయి జరిగింది కాదు. ఆ మొత్తం లెక్క ఆడవాళ్ల మీదే నడిచింది. పల్లెలో భార్య పొలం చేసి, పిల్లల్ని సాకి, ముసలివాళ్లను చూసుకుంటుంది కాబట్టి గని యజమాని మగవాడొక్కడి తిండికి సరిపడా జీతం ఇచ్చి ఊరుకోవచ్చు. భర్త క్షయతోనో, ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ముతోనో తిరిగొస్తే చాకిరీ చేసేది మళ్లీ ఆమే. బంగారం ధరలో ఆమె చాకిరీ ఎక్కడా కనపడదు గానీ అది లేకుండా ఆ బంగారం పైకి వచ్చేది కాదు.

అయినా ఆడవాళ్లు వచ్చారు. ఎవరూ పిలవకుండానే వచ్చారు. బట్టలుతికారు, బీరు కాచి అమ్మారు, పోలీసులు వచ్చి కుండలు పగలగొట్టి పారబోస్తే మళ్లీ కాచారు. నగరంలో 72 గంటలకు మించి ఉండాలంటే అనుమతి ఉండాలని 1952లో చట్టాన్ని బిగించారు. పాసు పుస్తకాన్ని ఆడవాళ్లకూ అంటగట్టబోతే 1956 ఆగస్టు 9న సుమారు 20,000 మంది స్త్రీలు ప్రిటోరియాలో ప్రభుత్వ భవనాల ముందుకు నడిచారు. లిలియన్ న్గోయి లాంటి నాయకురాళ్ల వెనక నడిచిన ఆ జనం ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉన్నారు. ఆ రోజు అక్కడ జాతీయ మహిళా దినం. మనం కూడా మార్చి 8 వ్యాసాల్లో దాన్ని తలుచుకుంటూ ఉంటాం. కానీ వాళ్లు అడిగిందేమిటో గుర్తు పెట్టుకోవాలి. మమ్మల్ని ఆదరించండి అని వాళ్లు అడగలేదు. మా ఉనికికి కాగితం అడిగే హక్కు నీకెక్కడిది అని అడిగారు.

ఆ ప్రశ్న ఇంకా అక్కడే ఉంది. పాసు చట్టాలు 1986లో పోయాయి. 1994లో వర్ణవివక్ష పాలన పోయింది. దేశం అందులో బతికే అందరిదీ అని 1955 నాటి స్వాతంత్ర్య ప్రణాళిక ప్రకటించిన మాట 1996 రాజ్యాంగ పీఠికలో చేరింది. నగరం నడిబొడ్డున ఒకప్పుడు తెల్లవాళ్లుండిన హిల్‌బ్రో, యోవిల్ అపార్టుమెంట్లలోకి పల్లెల నుంచి దక్షిణాఫ్రికన్లూ, సరిహద్దుల అవతలి నుంచి కాంగో, జింబాబ్వే, నైజీరియా, మొజాంబిక్, కామెరూన్ మనుషులూ వచ్చి చేరారు. అప్పుడే ఒక మాట కూడా జనం నోళ్లలో నానింది. 'మక్వెరెక్వెరె'. పరాయి ఆఫ్రికా దేశాల వాళ్లను హేళనగా పిలిచే మాట. వాళ్ల మాట తీరును క్వెర్ క్వెర్ అని వెక్కిరించడం. ఇది మనకు అర్థం కాని సంగతేమీ కాదు. పక్కింటి తమిళాన్ని 'అరవగోల' అన్న జాతి మనది. నీ భాష నాకు గోల అనడంతో మొదలైనది, నువ్వు మనిషివే కాదనడం దాకా పోవడానికి పెద్ద దూరం లేదు.

2008 మే 11న అలెగ్జాండ్రా బస్తీలో మొదలైన దాడులు ఆ దూరాన్ని కొద్ది రోజుల్లోనే దాటేశాయి. గుంపులు దారిన పోయేవాళ్లను ఆపి మోచేతిని జులూలో ఏమంటారో చెప్పమన్నాయి. మాట రానివాడు పరాయివాడు. ఆ నెలలో 62 మంది చనిపోయారు. వాళ్లలో 21 మంది దక్షిణాఫ్రికా పౌరులే! మారుమూల ప్రాంతాల నుంచి వచ్చి, నగరం భాష నాలుకకు పట్టనివాళ్లూ ఆ పరీక్షలో తప్పారు. ఆతిథేయుడికీ అతిథికీ మధ్య గీత ఎంత నికరమైనదో ఈ ఒక్క లెక్కే చెప్తుంది. పరాయివాళ్లను వెతికే కత్తి ముందు ఎవరైనా పరాయివాళ్లే.

ఇప్పుడు 'స్థిరపడటం' అనే మాట దగ్గరికి వద్దాం. మన విమర్శలో ఇదొక మనఃస్థితి. పరాయీకరణ, ద్వైధం, మూలాల కోసం తపన... ఈ మాటలన్నీ మనసులో జరిగేవాటి గురించే. జొహనెస్‌బర్గ్ నడిబొడ్డున స్థిరపడటమంటే పని. రోజూ తెల్లారి లేచి చేయాల్సిన పని. ఒక గదిని తెరలు కట్టి మూడు చేసుకుని అద్దె పంచుకోవడం. యోవిల్ బజారులో కసావా ఆకూ, ఎండుచేపా అమ్మడం. పేవ్‌మెంటు మీద స్టూలు వేసుకుని గంటల తరబడి ఒకరి జుట్టు జడలల్లడం. నెలకింత వేసుకుని వంతులవారీగా తీసుకునే 'స్టాక్‌వెల్'లో చేరడం, అంటే మన చీటీల్లాంటివన్న మాట. బులవాయోలో అమ్మకు నూనె, చక్కెర, పిండి చేరవేసే 'మలయిచా' బండివాడితో బేరమాడటం. ఆదివారం తెల్లని అంగీలు వేసుకుని గుట్ట మీద ఆరుబయట ప్రార్థనకు కూడటం. అపొస్తొలిక్ సంఘాలు అలా కూడిన చోట ఆ మట్టి గుట్టే కాసేపు గుడవుతుంది. ఇలా నగరాన్ని నగరంగా నిలబెట్టే పని రోడ్లూ కరెంటు తీగలూ ఒక్కటే చేయవనీ, మనుషుల అల్లికే అక్కడ మౌలిక సదుపాయమనీ అబ్దూమాలిక్ సిమోన్ 2004లో రాశాడు. మంచి మాటే. అయితే ఆ అల్లికలో ఎన్ని ముడులు ఆడవాళ్ల చేతులు వేశాయో లెక్క తీయడం మన వంతు.

ఆ లెక్క తీసినవాళ్లు లేకపోలేదు. కరోలిన్ వంజికు కిహాటో 2013లో 'జొహనెస్‌బర్గ్ వలస స్త్రీలు' అని ఒక పుస్తకం రాసింది. ఆ నగరానికి ఆమె పెట్టిన పేరు మధ్యస్థ నగరం. చాలామంది స్త్రీలు అక్కడ పూర్తిగా ఉండరు, పూర్తిగా వెళ్లిపోరు. ఊరికి తిరిగి వెళ్లాలంటే గెలిచి వెళ్లాలి. ఉత్త చేతులతో వెళితే మొహం చెల్లదు. ముందుకు వేరే దేశానికి పోదామంటే దారి లేదు. ఈ మధ్యస్థ స్థితిని నేను కీర్తించను. వలస సమాజం లోపల పితృస్వామ్యం సరిహద్దు దగ్గర ఆగిపోలేదు. కాగితాలు భర్త పేరు మీద ఉన్నప్పుడు, కొట్టే భర్తను వదిలి వెళ్లడమంటే ఆశ్రయాన్నీ వదులుకోవడమే. పోలీసుస్టేషనుకు వెళ్లడమంటే కాగితాల్లేవని తన్ను తాను పట్టించుకోవడమే. పల్లెలో మామ పెత్తనం నుంచి తప్పించుకుని నగరంలో తన సంపాదన తన చేతిలో మొదటిసారి చూసుకున్న స్త్రీ కూడా అక్కడే ఉంది. ఈ రెండూ కలిసే ఆమె జీవితం. ఒక దాన్ని తీసి ఇంకోదాన్ని చూపించేవాళ్లు ఆమె గురించి రాయడం లేదు, తమ సిద్ధాంతం గురించి రాస్తున్నారు.

అందుకే 'ఆఫ్రోపాలిటన్' అనే మాట చుట్టూ అల్లిన సంబరం నాకు మింగుడు పడదు. 2005లో తాయే సెలాసి వ్యాసంతో ప్రచారంలోకి వచ్చిన ఆ మాట, లండన్, న్యూయార్క్, లాగోస్, అక్రా అన్నీ తనవే అనుకునే కొత్త తరం ఆఫ్రికన్ల గురించి. ఏ జాతి చట్రంలోనూ ఇమడని మనుషులు! సరే. కానీ అన్ని నగరాలూ నావే అనగలిగిన మనిషి పర్సులో పాస్‌పోర్టు ఏ దేశానిదో, వీసా ఎన్నేళ్లదో కూడా చూడాలి గదా. లింపోపో నది దాటి వచ్చి పదిహేనేళ్లుగా ఒకే వీధిలో టమాటాలు అమ్ముతున్న స్త్రీకి విశ్వమంతా అక్కర్లేదు. ఆ వీధి చాలు. ఆ వీధి నాదని నోరు తెరిచి చెప్పగలిగితే చాలు.

సాహిత్యమైనా ఆమెకు నోరిచ్చిందా? ఫస్వానే ఎంపే 2001లో రాసిన 'మన హిల్‌బ్రోకు స్వాగతం' చిన్న నవలే గానీ చాలా ధైర్యమున్న నవల. పరాయివాళ్లే ఎయిడ్స్ తెచ్చారని నోరు పారేసుకునే పల్లెనూ నగరాన్నీ అది నిలబెట్టి అడుగుతుంది. పరాయి ఆఫ్రికన్లను ఈసడించిన రెఫిల్వే తానే ఆక్స్‌ఫర్డ్ వెళ్లి, జబ్బుతో తిరిగొచ్చి, సొంత ఊరిలో పరాయిదవుతుంది. వెలివేతకు ఒక్కసారి అలవాటు పడ్డ సమాజం తన బిడ్డల దగ్గర ఆగదని ఎంపే చూపించాడు. ఆయన 2004లోనే చనిపోయాడు. ఆ నవల మీద ఎన్నో వ్యాసాలొచ్చాయి, దాని నడిమధ్యలో వలస వచ్చిన స్త్రీ లేదన్న సంగతి మాత్రం పెద్దగా చర్చకు రాదు. జింబాబ్వేలో పుట్టిన సూ న్యాతి 2018లో 'ది గోల్డ్ డిగ్గర్స్' రాసింది. 2008లో బులవాయో నుంచి జొహనెస్‌బర్గ్‌కు బండెక్కిన మనుషుల కథ. వలసంటే అందరికీ ఒకే దారి కాదని, ఒకే బండిలో వచ్చినా ఆడవాళ్ల దారి వేరని తెలియాలంటే అలాంటివి చదవాలి. నా సిద్ధాంత వ్యాసం మౌఖిక పరీక్షలో ఒక పెద్దమనిషి, ఇందులో వలస ఉంది గానీ స్త్రీవాదం ఎక్కడుందమ్మా అని అడిగారు. ఇంటద్దె, గర్భం, కాగితం, జడలల్లే కూలి... ఇవి స్త్రీవాదం కాకపోతే ఇంకేది?

తెలుగు స్త్రీలకు ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. 'ఆడపిల్ల అంటే ఈడ పిల్ల కాదు, ఆడ పిల్ల' అన్న మాట వింటూ పెరిగాం. పుట్టింట్లో ఉన్నన్నాళ్లు అతిథి. అత్తింట్లో పరాయి ఇంటి నుంచి వచ్చినది. ఆ ఇంటి పొయ్యి వెలిగించేదీ, గోడలు అలికేదీ, ముసలివాళ్ల మంచాల దగ్గర కూర్చునేదీ ఆమే అయినా పట్టా మాత్రం ఇంకొకరి పేరు మీద. ముప్పై ఏళ్లు చాకిరీ చేశాక కూడా 'నీ ఇంటికి పో' అనగలరు. ఆమె స్థిరపడిందా, అత్తింటివాళ్లు ఆమెను ఆదరించారా అని అడిగితే మన స్త్రీవాదం ఊరుకుంటుందా? ఆ ఇల్లు కట్టింది ఆమె, ఆమెకు వాటా ఉంది అంటాం. ఇంటి విషయంలో నేర్చుకున్న ఈ మాటను నగరం విషయంలో ఎందుకు అనలేకపోతున్నాం?

ఇక్కడే అసలు ముల్లు ఉంది. 2021లో సొవెటోలో 'ఆపరేషన్ డుడులా' అనే సంస్థ పుట్టింది. డుడులా అంటే జులూలో బలంగా గెంటేయడం. ఆ సంస్థ మనుషులు ప్రభుత్వ క్లినిక్‌ల గేట్ల దగ్గర నిలబడి, వచ్చినవాళ్లను గుర్తింపు కార్డు అడిగారు. లేకపోతే వెనక్కి పంపారు. గర్భిణుల్నీ, చంటిబిడ్డల తల్లుల్నీ కూడా. ఆ గేట్ల దగ్గర నిలబడ్డవాళ్లలో ఆడవాళ్లున్నారు. 2023లో ఆ సంస్థకు అధ్యక్షురాలైంది కూడా ఒక మహిళే. 1956లో పాసు అడగొద్దని నడిచినవాళ్ల మనవరాళ్ల కాలంలో, ఆడవాళ్లే ఆడవాళ్లను పాసు అడిగారు.

వాళ్లు మోసపోయిన అమాయకులని చెప్పి తప్పుకోవడం నాకిష్టం లేదు. నిరుద్యోగం ముప్పై శాతానికి పైగా ఉన్న దేశమది. క్లినిక్‌లో తెల్లవారుజామున వరసలో నిలబడి, మధ్యాహ్నానికి మందులైపోయాయని విని తిరిగి వెళ్లే దక్షిణాఫ్రికా స్త్రీ కోపం నిజమైన కోపం. కానీ 2022 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో 6.2 కోట్ల మందిలో బయట పుట్టినవాళ్లు సుమారు 24 లక్షలు. నూటికి నలుగురు. ఆ నలుగురిని గెంటేస్తే మందుల అలమర నిండదు. గేటు దగ్గర కాగితం అడిగే హక్కు తనకు దక్కడంతో ఆ స్త్రీకి దొరికింది ఒక్కటే, ఆతిథేయురాలినన్న హోదా. ఇల్లు లేని ఆమెకు ఇంటి యజమానురాలి వేషం కట్టించారు. కోడలిని ఆరళ్లు పెట్టే అత్త చేతికి పెత్తనం ఎవరిచ్చారో మనకు తెలుసు, అందువల్ల ఆరడి ఆరడి కాకుండా పోదనీ తెలుసు. గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ, ఆరేళ్లలోపు పిల్లలకూ ఏ దేశస్తులైనా, కాగితాలున్నా లేకున్నా ఉచిత వైద్యం హక్కని 2023 ఏప్రిల్‌లో జొహనెస్‌బర్గ్ హైకోర్టు చెప్పింది. 2025 నవంబర్‌లో అదే కోర్టు, పాస్‌పోర్టులూ కార్డులూ అడిగే అధికారం డుడులాకు లేదని నిషేధించింది. తీర్పులు మంచివే. అయితే తీర్పు కోర్టులో ఉంటుంది, నొప్పులు పడుతున్న మనిషి గేటు దగ్గర ఉంటుంది.

గుంపులు చేసే పనినే ప్రభుత్వం మర్యాదగా చేస్తుంది. జింబాబ్వే వాళ్లకు 2009 నుంచి ప్రత్యేక పర్మిట్లు ఇచ్చారు. సుమారు 1,78,000 మంది వాటి మీద బతుకుతున్నారు. ఎన్నేళ్లున్నా శాశ్వత నివాసం అడగకూడదన్నది షరతు. 2021లో రద్దు చేస్తామన్నారు. 2023లో హైకోర్టు ఆ రద్దు చెల్లదంది. గడువు మీద గడువు పెంచుతూ 2025 అక్టోబర్‌లో మళ్లీ 2027 మే 28 దాకా పొడిగించారు. పుట్టిన బిడ్డ హైస్కూలుకు వచ్చేంత కాలం ఒక తల్లిని వచ్చే ఏడాది సంగతి తెలియకుండా ఉంచడాన్ని ఏమనాలి? ఇది వెనెలా సూత్రమే. నీ శ్రమ ఉండొచ్చు, నువ్వు ఉండకు.

మన పూర్వీకులకూ ఆ దేశంలో ఇదే సూత్రం తగిలింది. 1860 నుంచి నాటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. గడువు తీరాక తిరిగి వెళ్లకుండా, మళ్లీ ఒప్పందం రాయకుండా అక్కడే ఉండాలంటే ఏడాదికి 3 పౌండ్లు కట్టమని 1895లో చట్టం చేశారు. తర్వాత పదమూడేళ్లు దాటిన ఆడపిల్లల మీదా ఆ పన్ను వేశారు. ఆ పన్ను కట్టలేక మళ్లీ తోటల్లోకి వెళ్లిన స్త్రీలను మనం అతిథులు అంటామా?

జొహనెస్‌బర్గ్ నడిబొడ్డున ఆల్బర్ట్ వీధిలో 80 నంబరు భవనం ఒకటుంది. వర్ణవివక్ష రోజుల్లో అది పాసు ఆఫీసు. నగరంలో ఎవరుండొచ్చో, ఎవరు పోవాలో ముద్ర వేసి తేల్చింది అక్కడే. తర్వాత అది 'ఉసిందిసో' అనే పేరుతో స్త్రీల శరణాలయమైంది. ఉసిందిసో అంటే రక్షణ. ఆ తర్వాత దిక్కూ దివాణం లేని భవనమై, పేద దక్షిణాఫ్రికన్లూ, మలావీ, టాంజానియా, జింబాబ్వేల నుంచి వచ్చినవాళ్లూ అట్టలతో, చెక్కలతో గదులు చేసుకుని అందులో బతికారు. 2023 ఆగస్టు 31 తెల్లవారుజామున అది తగలబడి 76 మంది చనిపోయారు. చితి చల్లారకముందే కొందరు నాయకులు అక్రమ వలసదారులనీ, ఖాళీ చేయించకుండా అడ్డుపడే స్వచ్ఛంద సంస్థలనీ నింద మొదలుపెట్టారు. మంట పెట్టింది ఒక మనిషి కావచ్చు. కానీ ఆ భవనం సొంతదారు నగర పాలక సంస్థే. దాని దుస్థితి తెలిసీ పట్టించుకోలేదని 2024లో కంపేపే కమిషన్ నివేదిక చెప్పింది. ముద్ర వేసే ఆఫీసూ, ఆడవాళ్లు తలదాచుకున్న చోటూ, పరాయివాళ్లనిపించుకున్న మనుషులు కాలిపోయిన చోటూ ఒకే చిరునామా. ఆతిథ్యం గురించి మాట్లాడేవాళ్లు ముందు ఆ చిరునామాలో ఆతిథేయి ఎవరో చెప్పాలి.

నగరం ఆమెను ఆదరించిందా అన్న ప్రశ్నతో ఇంకో వ్యాసం, ఇంకో సెమినార్ మనకు అక్కర్లేదు. ఆ ప్రశ్నలో అడిగే హక్కు నగరానిది, రుజువు చేసుకునే బాధ్యత ఆమెది. దాన్ని తిరగేద్దాం. ఆమె పెంచిన పిల్లలకు, ఆమె తుడిచిన ఆఫీసులకు, ఆమె పొద్దున్నే వండి అమ్మిన అన్నానికి, ఆమె తెరలు కట్టి నిలబెట్టిన గదులకు ఆ నగరం ఆమెకు ఎంత బాకీ ఉంది? వలసానంతరం అనే మాట మీద పట్టాలు పొందిన మనం ఈ లెక్క వేయడం నేర్చుకోవాలి. బాకీ ఉన్నవాడు గుమ్మంలో నిలబడి స్వాగతం పలకడు, తలుపు వేసుకుంటాడు. ఆమె తలుపు తట్టేది బాకీ వసూలుకు. అది అర్థమయ్యేదాకా మన సానుభూతి వల్ల ఆమెకు కాణీ ఉపయోగం లేదు.